తలుపెయ్

పాట మొదట్లో గుంయ్‌మని వినిపించే ఆ చప్పుడు
గిటారుది కాదు.
టోమె వాళ్లమ్మ ఫ్రిజ్‌ది.

పోర్ట్ కెంబ్లాలో, పొగగొట్టాల నీడ పడే వీధిలో
రేకుల గరాజు మాది.
డెనిస్ గిటారు, షెరిల్ బేసు, నేను డ్రమ్ములు.
మూలన పాత ఫ్రిజ్, దాని నెత్తిన ఆంప్లిఫయర్.
లోపల బీరు సీసాలు,
ల్యూబా ఆంటీ ఊరేసిన ఎర్ర మిరపకాయలు.
ఫ్రిజ్ ఆపేద్దామని అడిగితే ఒప్పుకోలేదు:
"మీ పాట ఎవడి కడుపు నింపింది?"

అదే ఫ్రిజ్ ఒకప్పుడు వంటింట్లో ఉండేది.
టోమె నాన్న స్టోయాన్
ఇరవై రెండేళ్లు కొలిమి ముందు నిలబడ్డ మనిషి.
ఓ శుక్రవారం ఫ్యాక్టరీ ఆయన చేతిలో కవరు పెట్టింది.
ఆయన తాగలేదు. ఎవర్నీ తిట్టలేదు.
అర్ధరాత్రి లేచి
ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి
ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.
ఏమీ తీసేవాడు కాదు.
పసుప్పచ్చ వెలుగు మొహమ్మీద పడుతుంటే
అలా, ఉలుకూ పలుకూ లేకుండా.
కొలిమికి అలవాటుపడ్డ కళ్లు కదా అనేది షెరిల్.
ఏమో, నాకు తెలీదు.
పక్కగదిలోంచి ఆవిడ గొంతు వచ్చేది:
"చల్లదనమంతా పోతోంది. తలుపెయ్."

ఆయన పోయిన ఏడాదికి
టోమె ఆ మాటని పాటలో పెట్టాడు.
పదకొండు నిమిషాల్లో రాశాడని పత్రికలు రాశాయి.
పదకొండు నిమిషాలూ నిజమే.
దానికి ముందు నాలుగేళ్లు మాట్లాడలేదు, అదెవరూ రాయలేదు.

సిడ్నీ స్టూడియోలో ఆ గుంయ్‌మనే చప్పుడు తీసేశారు.
పాట ఉప్పులేని పప్పయింది.
చివరికి ఫ్రిజ్‌నే ట్రక్కులో నిలబెట్టి తాళ్లతో కట్టి
బుల్లై కొండెక్కించి తీసుకెళ్లాం.
వెళ్లగానే స్విచ్చెయ్యకూడదట, మూడు గంటలాగాలట.
స్టూడియోకి గంటకింత అద్దె.
ఫ్రిజ్ నిదానించే దాకా
నలుగురం నేలమీద కూర్చుని మిరపకాయలు తిన్నాం.

తర్వాతదంతా మీకు తెలిసిందే.
రేడియో. మూడో స్థానం. మళ్లీ మూడో స్థానం.
ఓ అమ్మాయి దాన్ని వదిలేసిన ప్రియుడికి అంకితమిచ్చింది.
పెళ్లిళ్లలో జంటలు దానికి నాట్యమాడారు, ఎలాగో మరి!
రగ్బీ మైదానంలో ఎదుటి జట్టు గీత దగ్గరికొస్తే
నలభై వేల గొంతులు: తలుపెయ్! తలుపెయ్!
గరాజు తలుపుల కంపెనీవాడు ప్రకటనకి అడిగాడు.
ఇచ్చాం. దాచడమెందుకు?
ఆ డబ్బుతో డెనిస్ పళ్లు కట్టించుకున్నాడు,
నేను మా ఇంటి కప్పు వేయించాను.

ఎన్నికలొచ్చాయి.
టీవీలో ఓ పెద్దమనిషి వేదిక మీద చేతులు చాపి
బయటివాళ్లిక చాలు, ఈ దేశానికి తలుపెయ్యాలన్నాడు.
వెనక మా పాట.
వెనక మా ఫ్రిజ్.
ల్యూబా ఆంటీ కుర్చీలో కూర్చుని చూస్తోంది,
ఒక్క ట్రంకుపెట్టెతో ఓడ దిగి
ముప్ఫై ఏళ్లయిన మనిషి.
మేమెవరం ఆవిడ వైపు చూడలేకపోయాం.
ఆవిడ మాత్రం శాంతంగా,
లెక్క తప్పిన కొట్టువాడికి చెప్పినట్టు చెప్పింది:
"నేనన్నది ఫ్రిజ్ గురించి."

లాయరుని పెట్టాం, ఆపించాం.
కానీ ఆ రోజు నుంచీ టోమె వేదిక మీద
ఆ మాట దగ్గర నోరు మూసుకుంటాడు.
జనం తామే అరుస్తారు.
వాడు మైకు కిందికి దించి
బూట్లు చూసుకుంటాడు.

ఇప్పుడు నేను సిటీ బస్సు తోలుతున్నాను.
మొన్న సూపర్‌మార్కెట్‌లో బఠాణీల కోసం ఫ్రీజర్ తెరిచానా,
పైన స్పీకర్లో అదే పాట.
ఎంతసేపు నిలబడ్డానో,
కాళ్ల మీదికి చలి దిగుతోంది.
బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడొచ్చి మర్యాదగా అన్నాడు:
"సర్, తలుపు."

వేశాను.
ఆ ఫ్రీజర్ కూడా గుంయ్‌మంటూనే ఉంది.
కాకపోతే మాదానికంటే
శ్రుతి అర మెట్టు తక్కువ.